వేయని సూది

నర్సు వెంకటరమణమ్మ సూదిమందు అమ్ముకుంటోందని సత్తెమ్మ గట్టిగా నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? మొగుడు పెద్దరాములు కడుపులో గడ్డతో పటాన్‌చెరు ఫ్యాక్టరీ దవాఖానాలో పన్నెండు రోజులుగా మెలికలు తిరుగుతున్నాడు. ఇక లాభం లేదు, నొప్పి తెలియకుండా రోజూ పొద్దున మత్తు సూది వేయండని పెద్ద డాక్టరు రాసిపోయాడు. నర్సు ట్రేలో సూది తెస్తుంది, వంగి అతని చెవిలో ఏదో గుసగుసలాడుతుంది, నిండు సూదిని అట్లాగే వెనక్కి పట్టుకుపోతుంది. పెదవులు తడుపుతుంది, పక్కకు తిప్పి పడుకోబెడుతుంది, కిటికీ అవతల గోల చేసేవాళ్లను కసురుతుంది. ఆ ఒలకబోసే ప్రేమే సత్తెమ్మకు అసలు గిట్టలేదు.

పక్క మంచం సోమయ్య ఆజ్యం పోశాడు. "గీ మందుకు బయట మస్తు గిరాకీ ఉంటదంట చెల్లె. మనసోంటోళ్లకు ఎందుకు వేస్తరు?"

పదమూడో రోజు సత్తెమ్మ ట్రేకు అడ్డంగా నిలబడింది.

"ఇయ్యాల నా ముంగట వెయ్యి సిస్టరమ్మా. నేను సూడాలె."

వెంకటరమణమ్మ కోస్తా మనిషి. కోపం వచ్చినా గొంతు పెంచదు. "ఆయనే వద్దంటున్నాడమ్మా. మనసు మారుతుందేమోనని రోజూ అడుగుతున్నాను. మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"నొప్పి కావాల్నని ఎవలన్న అంటరా?" సత్తెమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నిజమేనా?"

పెద్దరాములు నాగపూర్ మిల్లులో పనిచేసిన రోజుల్లో, పంతొమ్మిది వందల యాభయ్యారులో, లక్షలమందితో కలిసి బౌద్ధం పుచ్చుకున్నాడు. సత్తెమ్మ మాత్రం తన ఎల్లమ్మను వదల్లేదు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో ఎవరి దండం వారిదే, దానికోసం ఒక్క మాటా అనుకోలేదు.

"నిజమే," అన్నాడు పెద్దరాములు. "మత్తుల పోవద్దు. తెలివితోని, మనసు నిమ్మళంగ పెట్టుకొని పోవాలె. మా ధర్మంల గదే పెద్ద మాట. నువ్వు ఏడుస్తవని చెప్పలే."

ఏడవనే ఏడ్చింది. "నీ ధర్మం నాకేమెర్క. నువ్వు గిట్ల గుంజుకుంటుంటే నేను సూడలేకపోతున్న. నాకోసం వేయించుకో."

అతను సూదికి చేయి చాపాడు.

నర్సు స్పిరిటు దూదితో తుడిచింది. అప్పుడు చూసింది సత్తెమ్మ. అతని పెదవులు గబగబా కదులుతున్నాయి. రోజూ తాపీగా ఒక్కొక్కటే చెప్పుకునే బుద్ధుడి మూడు శరణాలను మత్తు వచ్చేలోపే ముగించాలని ఆయాసపడుతున్నాడు. ఆమె ప్రాణం ఉసూరుమంది.

సత్తెమ్మ నర్సు మణికట్టు పట్టుకుంది. "ఆగు. తీస్కపో."

"నిజంగా వద్దా అమ్మా?"

"తీస్కపో అంటున్న గద."

సత్తెమ్మకు నర్సు మీద అనుమానం పోయింది గానీ, తన దగ్గర దాచిందన్న కోపం పోలేదు. ఆమె వెళ్లేదాకా అటు చూడనే లేదు. కొంగుతో మొహం తుడుచుకొని, మంచం పక్కన కూర్చుంది.

"ఇగ తాపీగ చెప్పుకో," అంది మొగుడితో. "నేను ఏడ్వ."