వంటింటి అరబ్బీ

నలభై నాలుగేళ్లు వచ్చాక అరబ్బీ నేర్చుకుంటానన్నానని మా కొత్తపేట గల్లీ అంతా నవ్వింది. నవ్వనీ. నాకు చదువు ఏడో తరగతితో ఆగింది కానీ పంతం ఆగలేదు. జాకెట్టు కుట్టినా అంతే. చంక దగ్గర ముడత పోయేదాకా విప్పుతూనే ఉంటాను, కుడుతూనే ఉంటాను.

సంగతి ఇదీ. మా ఆయన మట్టయ్య సౌదీ వెళ్లి ఏడేళ్లయింది. తీసుకుపోయింది మేస్త్రీ పనికని, పెట్టింది మేకల దగ్గర. ఎడారిలో ఒక రేకుల షెడ్డు, మూడు వందల మేకలు, తోడుగా భాష కలవని ఒక సూడాన్ ముసలాయన. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటుంది. కఫీల్ అంటే వీసా ఇచ్చి పెట్టుకున్న సేటు. అతను సంతకం పెడితే తప్ప అక్కడివాళ్లు దేశం దాటనివ్వరు. ఇంటికి పోతానని మట్టయ్య రెండేళ్లుగా సైగలు చేస్తున్నాడు, ఆ సేటు తల కూడా తిప్పడం లేదు.

2011లో వినాయక చవితి వెళ్లిన వారానికి మట్టయ్య ఫోన్ వచ్చింది. నెలకొకసారి నీళ్ల ట్యాంకర్ డ్రైవర్‌ను బతిమాలుకుని అతని ఫోన్‌తో చేసేవాడు.

"అండాలూ, కండ్లకు పొరలొచ్చినయే. తెల్ల మేకలు మసక మసక కనవడ్తున్నయి, నల్లయి కనవడనే కనవడ్తలేవు. ఒక్కటి తప్పిపోయినా గీ సేటు నన్ను బతకనియ్యడు."

"దవాఖానకు తీస్కపొమ్మని చెప్పకపోయినవా?"

"ఎవనికి చెప్పాలె? ఏమని చెప్పాలె?" అన్నాడు. అంతలో డ్రైవర్ ఫోన్ లాక్కున్నట్టున్నాడు, కట్టయింది.

తెల్లారి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి ఏజెంట్ ముందు కూర్చున్నాను. "కఫీల్ ఒప్పుకోవాలమ్మా, మా చేతుల ఏం లేదు. ఆయనతోని మాట్లాడాలంటే అరబ్బీ రావాలె" అని చెప్పి తన చాయ్ తాను తాగాడు. నాకు ఒళ్లు మండింది. "అట్లయితే నేర్చుకుంట తియ్" అని లేచి వచ్చేశాను. వెనకాల నవ్వు వినబడింది. కఫీల్ ఇంటి నంబరు మట్టయ్య ఎప్పుడో చెప్పి ఉంచాడు. ఒకసారి నాకొచ్చిన సగం ఉర్దూతో చేసి చూశాను. ఎవరో మగమనిషి రెండు ముక్కలు విని పెట్టేశాడు.

మా గల్లీ చివర కోటేశ్వరమ్మ కర్రీ పాయింట్ ఉంది. ఆమెది రాజోలు దగ్గర పల్లె. పన్నెండేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చి, ఇక్కడ గోంగూర, పప్పుచారు అమ్ముకుంటోంది. ఆమె జాకెట్లన్నీ నేనే కుడతాను.

"నాకు చదవడం, రాయడం రాదే తల్లీ. నాకొచ్చింది వంటింటి అరబ్బీ" అంది ఆమె.

"నేనేమన్న పుస్తకం రాస్తనా అక్కా? మాట్లాడొస్తె సాలు."

సరిగ్గా అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు. బొగ్గు గనులు కూడా ఆగిపోవడంతో కరెంటు సగం రోజు ఉండేది కాదు. కాలితో తొక్కే మిషను కాబట్టి నాకు బాధ లేదు గానీ, కుట్టించుకునేవాళ్లే రాలేదు. పొద్దున ఎల్.బి. నగర్ చౌరస్తాలో రోడ్డు మీద వంటావార్పు జరిగితే వెళ్లి అన్నం గంజి వార్చేదాన్ని, గొంతు పోయేలా జై తెలంగాణ అనేదాన్ని. మధ్యాహ్నం మూడింటికి కర్రీ పాయింట్ షట్టరు సగం దించి ఉంటే, వంగి లోపలికి వెళ్లి ఉల్లిపాయల గంప ముందు కూర్చునేదాన్ని.

"పొద్దున్నేమో మమ్మల్ని పొమ్మంటారు, మధ్యాహ్నానికి పాఠం చెప్పమంటారు. ఏం మనుషులే మీరు!" అనేది కోటేశ్వరమ్మ.

"నిన్నెవరు పొమ్మన్నరు అక్కా? పోయినా పాఠమయినంక పోదువు గాని, జర ఆగు."

ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నవ్వాక ఆమె మొహంలో కాస్త బెదురు మిగిలేది. అది నేను చూసి చూడనట్టు ఊరుకునేదాన్ని. అందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే.

జాకెట్ల కొలతల పుస్తకంలోనే మాటలు రాసుకున్నాను. ఛాతీ ముప్పై ఆరు అని ఉన్న పేజీలో జీబీ అంటే తీసుకురా, తఆలీ అంటే ఇటురా, గసలీ అంటే కడుగు. కన్ను అనే మాట దగ్గర నాలుగు రోజులు పట్టింది. అది గొంతు అడుగునుంచి రావాలట. "వాంతి వచ్చే ముందు గొంతు పడుతుంది చూడు, అక్కణ్ణించి" అని కోటేశ్వరమ్మ చూపించేది. నేను మిషను తొక్కుతూ అదే సాధన చేస్తుంటే, పక్కింటి సైదమ్మ ఏమైందోనని మంచినీళ్లు పట్టుకొచ్చింది.

రెండు వారాలయ్యేసరికి నా పుస్తకంలో వంద మాటలు చేరాయి. ఇక ఆగలేక ఒక సాయంత్రం ఐదింటికి నా గదిలోంచి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడు రెండున్నర. మగవాళ్లు తిని పడుకునే వేళ అని కోటేశ్వరమ్మ చెప్పింది. ఒక ముసలామె ఎత్తింది. రాసుకున్నది రాసుకున్నట్టు గట్టిగా చదివాను. నా మొగుణ్ని తీసుకురా, తొందరగా, ఊఁ, కానియ్! ముసలామె ఏదో పెద్దగా అరిచింది. టక్కున పెట్టేసింది.

పెట్టేస్తే పెట్టేసింది, నా అరబ్బీ అర్థమైంది కదా అని నేను సంబరపడ్డాను. పరుగున వెళ్లి కోటేశ్వరమ్మకు అప్పజెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓసి నీ... అండాలూ, పెద్దావిడతో అలాగేనా మాట్లాడేది? అవి మా మేడమ్ నాతో అనే మాటలే!"

"నువ్వు నేర్పినయే గదనే అక్కా!"

"నాకొచ్చినవే కదా నేర్పుతాను. పన్నెండేళ్లు నా చెవిన పడ్డవి అవే. తీసుకురా, కడుగు, తొందరగా, ఛీ."

"మరి నీకేమన్న గావాల్నంటే ఎట్ల అడుగుతుంటివి?"

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. "అడగలేదే" అంది చివరికి.

"పన్నెండేండ్లల్ల ఒక్కసారన్నా?"

"ఇచ్చింది తిన్నాను. ఇవ్వంది లేదనుకున్నాను. మా అమ్మ పోయిందని కబురొచ్చిన రోజున కూడా, ఎనిమిది మంది చుట్టాలొస్తే చేపలు వేయించాను. సెలవు కావాలని ఏమని అడగాలో తెలియలేదు. తెలిసుంటే మాత్రం అడిగేదాన్నా, ఏమో."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ మేడమ్ మీదా, మట్టయ్యను మేకల్లో పడేసిన సేటు మీదా, గరిటె తిప్పుతున్న ఈమె మీద కూడా. కాసేపు ఉల్లిపాయ పొట్టు మీద ఆ కోపమంతా చూపించాను.

"అక్కా, గా ఇంట్ల ఎవ్వరూ ఏదీ అడగకపోదురా?"

ఆమె ఆలోచించింది. "ఎందుకడగరు, పిల్లలు అడిగేవాళ్లు. దానా అని నాలుగేళ్ల పిల్ల ఉండేది. యుమ్మా, అబీ... అంటూ తల్లి కొంగు పట్టుకునేది. అమ్మా, నాకు కావాలి అని. వద్దంటే మళ్లీ అనేది. కొడితే ఏడ్చి మళ్లీ అనేది. ఇచ్చేదాకా వదిలేది కాదు, రాక్షసి."

"గదే నేర్పు నాకు."

"నలభై దాటినదానివి, చంటిపిల్లలా మాట్లాడతావా? సిగ్గు లేదూ?"

"నేను సిగ్గుపడితె మట్టయ్య కండ్లొస్తయా?"

"యాభై ఏళ్లుగా రాష్ట్రం కావాలని అడుగుతున్నారు, మీకు కూడా అడగడం నేర్పాలా?" అని దెప్పిపొడిచింది గానీ, ఆ పూట మొదటిసారి పొయ్యి కట్టేసి నా ఎదురుగా కూర్చుంది. దానా మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పింది. ఆ పిల్ల గొంతు పెట్టి చెబుతుంటే ఆమె మొహమే మారిపోయింది. ఆ పన్నెండేళ్లలో ఆమె కూతురు ఊళ్లో మొదట అమ్మమ్మ దగ్గర, ఆ అమ్మమ్మ పోయాక చుట్టాల దగ్గర పెరిగింది. ఆ సంగతి ఆ రోజు ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

దసరా మర్నాడు మళ్లీ ఫోన్ చేశాను. ఎత్తగానే "యుమ్మా" అన్నాను.

"యుమ్మా, నాకు నా మొగుడు కావాలి. మట్టయ్య. మేకల దగ్గర. అతని కన్ను బాగాలేదు. అమ్మా, కావాలి."

ముసలామె నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి ఆగింది. "బుక్రా" అంది. రేపు అని. ఆ ఇళ్లలో రేపు అంటే ఇక లేదనుకోమని కోటేశ్వరమ్మ ముందే చెప్పింది. నాకది తెలియనట్టే పెట్టేశాను.

మర్నాడు సరిగ్గా ఐదింటికి చేశాను. "యుమ్మా, రేపు అన్నావు. రేపు వచ్చింది."

మూడో రోజు ఆమె విసుక్కుంది. నాలుగో రోజు తిట్టింది. తిట్లలో సగం నాకు వచ్చినవే కాబట్టి పెద్దగా బాధ కలగలేదు. ఆరో రోజు మోకాళ్ల నొప్పులని మూలిగితే, నువ్వుల నూనె రాయమని నాకున్న నాలుగు మాటలతో చెప్పాను. ఆ తర్వాత నా మాటలు తప్పు పోతుంటే ఆమే సరిచేసి, మళ్లీ చెప్పించుకునేది. నేను చెప్పేదాన్ని. చివర మాత్రం అదే మాట. అమ్మా, నా మొగుడు కావాలి.

తొమ్మిదో రోజు ఫోన్ కఫీలే ఎత్తాడు. అయినా "నాకు యుమ్మా కావాలి" అన్నాను. అతను అరవడం మొదలుపెట్టాడు. వెనకనుంచి ముసలామె అంతకు రెట్టింపు అరిచి, ఫోన్ లాక్కుని, ఏమీ జరగనట్టు "ఊఁ, చెప్పు" అంది.

అక్టోబరు ఆఖరుకు సమ్మె విరమించారు. బస్సులు నడిచాయి, కరెంటు వచ్చింది, తెలంగాణ రాలేదు. చౌరస్తాలో మాతోపాటు కూర్చున్నవాళ్లు తలలు వంచుకుని పనుల్లోకి వెళ్లారు. నేను మాత్రం విరమించలేదు. ఐదయ్యేసరికి ఫోన్ పట్టుకునేదాన్ని.

ఆ తర్వాత మూడు రోజులు అటువైపు ఎవరూ ఎత్తలేదు.

"ఇక ఆపవే అండాలూ. చిరాకెత్తి ఆ మనిషినే ఏమన్నా చేస్తారేమో" అంది కోటేశ్వరమ్మ. ఆ భయం నాకు లేదా? నా పంతంతో ఆయన ప్రాణం మీదకు తెచ్చానా అని మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చి, నాలుగో రోజు ఐదింటికి మళ్లీ చేశాను. కోటేశ్వరమ్మ కూరలు వదిలేసి వచ్చి నా పక్కనే నిలబడింది.

ఎవరో ఎత్తారు. మగగొంతు. "మీన్?" అంది. ఎవరు అని.

ఆ గొంతు నాకు తెలుసు. "నేను, అండాలును" అన్నాను.



"నువ్వా?" అన్నాడు మట్టయ్య. "ఫోన్ మోగితే నన్నే ఎత్తుమని సైగ చేసింది ముసలామె. నువ్వెట్ల చేసినవ్ ఈడికి?"

"అది తర్వాత చెప్త. నువ్వు షెడ్డుల ఉండక సేటు ఇంట్ల ఎందుకున్నవ్?"

"మూడొద్దుల సంది ఈన్నే కూసోవెట్టిండ్రు. ఇయ్యాల ముసలామె చేతుల ఒక కాయితం వెట్టింది. అచ్చరాలు కనవడ్తలేవు, కనవడ్డా నాకు చదవొస్తదా? పోలీసులకిచ్చే కాయితమో ఏందో. పొద్దుగాల్నుంచి వణుక్కుంట కూసున్న."

"ఏంది గిది అని అడగకపోయినవా?"

"ఏడేండ్లాయె. సైగలు చేసుడే గని నోరు తెరిచి నేనీళ్లను ఏమన్న అడిగిన్నా అండాలూ?" అని వెక్కాడు.

"ఏడువకు. ఫోన్ ఆమెకియ్యి."

ఫోన్ చేతులు మారిన గరగర వినబడింది. "యుమ్మా, ఆ కాగితం ఏమిటి?" అని అడిగాను. ముసలామె చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది. ఖురూజ్. దేశం దాటే అనుమతి. కొడుకు చేత సంతకం పెట్టించింది. విమానం గురువారం. "నీ మొగుణ్ని నువ్వు తీసుకుని నా ప్రాణం నాకు వదిలిపెట్టు పిల్లా" అని కూడా అంది. నేను ఆమెకు ఏదో చెప్పాలనుకున్నాను. నాకొచ్చిన వంద మాటల్లో దానికి తగిన మాట లేదు. "యుమ్మా" అని మాత్రం అన్నాను. ఆమె ఫోన్ మళ్లీ మట్టయ్యకిచ్చింది.

"ఏమందే? ఏమంది?" కోటేశ్వరమ్మ నా భుజం కుదిపేస్తోంది. నేను చెయ్యి ఎత్తి ఆగమన్నాను. ముందు చెప్పాల్సింది ఆయనకు.

"విన్నవా?" అన్నాను మట్టయ్యతో. "ఇంటికి పంపే కాయితమట. బేస్తవారం విమానం. ఆ కాయితం లోపలి జేబుల వెట్టుకో. కింద పడితె నీకు కనవడదు."