పొగ వెంట పోయిన జీపులు

రండి, దగ్గరికి జరగండి. ఆ వెనకవాళ్లు గుసగుసలు ఆపాలి. నేను ఒక ఉపగ్రహాన్ని. మీ నెత్తిమీద నుంచి దాటిపోయేలోపే నా కథ ముగించాలి.

నన్ను చేసినవాళ్లు మూతికి గుడ్డలు కట్టుకుని, పసిబిడ్డకు చుట్టినట్టు బంగారు రంగు రేకు చుట్టి, కొబ్బరికాయ కొట్టి పైకి పంపారు. కింద చీమ తుమ్మినా నాకు కనిపిస్తుందని గొప్పలు పోతాను గానీ, నాకు తెలిసేవి రంగులే. వేడి తెలియదు. చేతులు అసలే లేవు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం నల్లమల మీదుగా పోతుంటే అడవిలోంచి పొగ లేచింది. పడమటి లోయలో దారంలా సన్నగా మొదలై, తూర్పు కొండల మీద దూదిపరుపులా పరుచుకుంది. ఫోటో తీసి కిందికి పంపాను. ఆ లోయలో తోకల ఈదన్న ఉన్నాడని నాకేం తెలుసు? వేసవిలో మంటలు ఆర్పడానికి అటవీశాఖ కుదుర్చుకున్న చెంచు కాపలాదారు అతను. పచ్చి కొమ్మే అతని ఆయుధం.

తర్వాతి సంగతి నా ఫోటో పడిన కంప్యూటరు చెప్పింది. అటవీ రేంజి ఆఫీసులో అధికారి ఖాదర్‌వలీ సారు ఫోటోలో పొగ దట్టంగా ఉన్నచోట వేలు పెట్టి, "మంట ఇక్కడే. జీపులు తియ్యండి" అన్నాడు. అక్కడ వంట చేసే గురవమ్మ, ఈదన్న భార్య, గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

"సారూ, పడమటి గాలి కొడతాంది. నా పొయ్యి వంటింట్లో ఉంటే పొగ మీ కుర్చీకాడికొస్తాది. కుర్చీ కాలతాందా?"

"ఇది ఆకాశం నుంచి తీసింది తల్లీ. నీ పొయ్యి లెక్క కాదు."

"ఆ సన్న దారం మొదలుకాడికి పోండి సామీ. మా ఆయప్ప ఆడుండాడు."

జీపులు తూర్పుకే పోయాయి. అక్కడ నిప్పురవ్వ కూడా లేదు. వెళ్లినవాళ్లు దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగారు.

మర్నాడు నేను మళ్లీ వచ్చేసరికి లోయంతా బొగ్గు. ఆగి చూద్దామంటే నాకు బ్రేకులు లేవు. మంట దాటకుండా ఈదన్న పొదలు కొట్టి, నేల చెక్కిన బాట సగంలోనే ఆగిపోయింది. ఒక్కడే ఎంతని చెక్కుతాడు? ఆ సగం దగ్గరే దొరికాడట. నా ఫోటోలో చుక్కంత కూడా పడలేదు.

శవాన్ని తెచ్చి ఆఫీసు ముందర దించారు. గురవమ్మ ఏడవలేదు. ముందురోజు ఫోటో కాగితం మీద తీయించుకుని, ఆ సన్నటి దారం మొదట్లో బొటనవేలు ఆనించి కూర్చుంది. గుమిగూడినవాళ్లలోంచి టీకొట్టు మద్దిలేటి కాగితంలోకి తొంగిచూసి, నిట్టూర్చి అన్నాడు:

"ఈ ఫోటో తీసేదాన్ని అంత పైకి పంపినోళ్లు, దాని మెడకు ఒక బిందెడు నీళ్లు కట్టి పంపింటే పోయేది గదప్పా!"