ముందే చేరిన కణం

మే నెల మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్‌లో కరెంటు పోయి కూలర్ ఆగిపోయింది. త్రివేణి నుదుటి మీంచి ఓ చెమట చుక్క జారి కాగితం మీద పడింది. తుడిస్తే దాంతోపాటు కింద ఉన్న మైనస్ గుర్తు కూడా చెరిగిపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకే ఆమెకు భయం వేసింది.

త్రివేణి, కిరణ్ కలిసి చదువుకున్నవాళ్లు. ఇద్దరూ రాయ్‌పూర్‌లోనే ఒకే కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నారు. ఆమె తండ్రి రామమూర్తి విజయనగరం నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే రిటైరయ్యాడు. కిరణ్ వాళ్లది కరీంనగర్ వైపు. తండ్రి ఊరి బయట సిల్తారాలో ఇనుము కరిగించే కొలిమి దగ్గర పనిచేశాడు. కొన్నేళ్లుగా స్నేహితులిద్దరూ ఒకే లెక్క మీద కూర్చున్నారు.

గురుత్వాకర్షణను మోసే కణాలు రెండు ఢీకొని చెదిరిపోతే, ఏ దిక్కుకు పోయే అవకాశం ఎంతో చెప్పే లెక్క అది. స్కాటరింగ్ యాంప్లిట్యూడ్ అంటారు. ఢీ ఒక్క బిందువు దగ్గరే జరుగుతుందనుకుంటే, శక్తి పెరిగేకొద్దీ జవాబు అంతూపొంతూ లేకుండా పోతుంది. ఆ బిందువును కాస్త పలచగా పరిచి, కొంత మేర అంతటా ఢీ జరుగుతుందనుకుంటే జవాబు అదుపులోకి వస్తుంది. నాన్‌లోకాలిటీ అంటే అదే. పరచడం వరకూ బాగానే ఉంటుంది. పరిచాక ఫలితం కారణానికంటే ముందు నడవకుండా కాపలా కాయడమే కష్టం.

దానికొక పరీక్ష ఉంది. గొప్ప శక్తి ఉన్న మరో కణం పక్కనుంచి సాగిపోయే కణం కాస్త ఆలస్యంగా బయటపడాలి. వాళ్ల వ్యాసంలో ఆలస్యంగానే బయటపడింది, ప్లస్ గుర్తుతో. పత్రిక వాళ్లు వ్యాసాన్ని ఒప్పుకున్నారు కూడా. పిల్లలకు చెబుదామని మళ్లీ మొదటినుంచి చేస్తే త్రివేణికి మైనస్ వచ్చింది. కణం చేరవలసిన వేళకంటే ముందే చేరుతోంది.

కిరణ్‌కు కాగితం చూపించింది. అతను చూసిన తీరు ఆమెకు నచ్చలేదు. కొత్త సంగతి చూసేవాడి కళ్లు కావవి.

"అరే, ఎంతుంటదది త్రివేణీ? ప్రోటాన్ ముందర కూడా లెక్కకు రాదు. ఎవడు కొలుస్తడు?"

"ఒక్కసారికైతే అంతే. అలాంటివి వరసగా లక్ష పెట్టు. ఆ ముందు రావడమంతా కూడుకుంటూ పోతాది కదా! ఏదో ఒక చోట ప్రశ్నకంటే ముందు జవాబొచ్చేస్తాది."

"లక్ష ఎవడు పెడతడు?"

"ప్రకృతి పెడతాది. సరే, మన ఫైల్లో ప్లస్ ఎలాగొచ్చింది?"

కిరణ్ నవ్వాడు. "నువ్వు సరిగ నిద్రపోతలేవు."

పత్రికకు ఇద్దరం కలిసి రాద్దామంది. చూద్దామన్నాడు. పెద్ద సంస్థలో ఉద్యోగానికి అతన్ని పిలిచారు, ఈ వ్యాసం చూసే. ఆ సంగతి తెలుసు గనక త్రివేణి తొందరపెట్టలేదు.

ఆ ఆదివారం పండరీ బజారు నుంచి బట్టలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి వంటింట్లో కిరణ్ గొంతు వినబడింది. తల్లి పార్వతమ్మ వేసిన పెసరట్టు తింటూ ఏదో మెల్లగా చెబుతున్నాడు. త్రివేణి గుమ్మంలోకి రాగానే మాట ఆగింది. "బహుత్ అచ్ఛా ఉందమ్మా," అంటూ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

పార్వతమ్మ కూతురి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "లెక్కల్లో లేనివేవో నీకు కనబడతన్నాయటే? ఏటైందమ్మా, మాకు చెప్పకూడదా?"

మర్నాడు హెడ్డు మల్లేశ్వరరావు పిలిచి కుర్చీ చూపించాడు. ఆయన గొంతులో ఎన్నడూ లేనంత మెత్తదనం. "బేటా, ఓ నెల్రోజులు సెలవు పెట్టు. మీ నాన్నగారు కూడా ఫోన్ చేశారు."

త్రివేణి కిరణ్‌తో తప్ప ఇంకా ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అప్పుడే అందరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంది.

"సెలవు తర్వాత చూద్దాం సార్. ముందు నాకు బోర్డు ఇప్పించండి. అందరి ముందూ చేస్తాను," అంది.

ఆయన కాదనలేకపోయాడు. శుక్రవారం సెమినార్ గదిలో ఆమె మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఆగకుండా చేసింది. చివర మైనస్ గుర్తు పెట్టి పక్కకు జరిగింది. ఎవరూ తప్పు పట్టలేదు. మల్లేశ్వరరావు కిరణ్ వైపు తిరిగాడు.

కిరణ్ నెమ్మదిగా లేచాడు. "త్రివేణి చెప్పింది కరెక్టే సార్."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంతైనా స్నేహితుడు అనుకుంది.

"ఆ ప్లస్ నేను ముందే చూసిన," అన్నాడు కిరణ్ తల వంచుకుని. "ఆ భాగం ఆమె కంప్యూటర్ల టైపయింది, ఆమె పేరు మీదనే ఉంది. తబియత్ బాగలేక అట్లయిందేమోనని ఎవ్వరికీ చెప్పలే. దాచుడు నాదే తప్పు సార్."

తన గదిలో నెట్ రానప్పుడల్లా కిరణ్ ఆమె కంప్యూటర్ దగ్గరే కూర్చునేవాడు. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలుసు. త్రివేణి ఆ మాటే గట్టిగా చెప్పింది. చెబుతుండగానే అది సాకులా తన చెవికే వినబడింది. గదిలో అందరూ జాలిగా చూస్తున్నారు. ఆ జాలి ముందు కోపం కూడా జబ్బులాగే కనబడుతుందని ఆమెకు అర్థమైంది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది.

ఇంటికి స్కూటర్ మీద తీసుకెళ్తూ రామమూర్తి సిగ్నల్ దగ్గర ఆగి అన్నాడు: "తప్పులు ఎవులు సెయ్యరు తల్లీ."

"నేను చెయ్యలేదు నాన్నా."

"సరే, సెయ్యలేదులే."

వ్యాసాన్ని ఇద్దరి పేర్ల మీదా వెనక్కి తీసుకున్నారు. లెక్క నెగ్గింది. స్నేహితురాలి పరువు కోసం నింద మోసిన నిజాయితీపరుడని కిరణ్‌కు పేరొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. త్రివేణికి పై క్లాసులు తీసేసి మొదటి సంవత్సరం పిల్లల్ని ఇచ్చారు. ఆమె చాక్‌పీసు పట్టుకుని రోజూ వెళ్లింది. రాత్రిళ్లు తల్లి తలుపు తోసి చూసి పోతుండటాన్ని భరించింది.

రెండేళ్ల తర్వాత కిరణ్ కొత్త వ్యాసం వచ్చింది. తోడు రాసింది అతని దగ్గర పరిశోధన చేస్తున్న నీలిమ అనే అమ్మాయి. త్రివేణి సరాసరి ఆ పరీక్ష ఉన్న పేజీకి వెళ్లింది. అక్కడ ప్లస్ ఉంది. రావలసింది మళ్లీ మైనస్సే.

నంబరు సంపాదించి ఫోన్ చేసింది. తానెవరో చెప్పింది, గుర్తు సంగతి చెప్పింది. నీలిమ మర్యాదగా అంతా విన్నది.

"మేడమ్, మీరు ఫోన్ చేస్తారని సార్ ముందే చెప్పారు," అంది జాలిగా. "ఇప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉంది?"

త్రివేణి ఫోన్ పెట్టేయలేదు.

"నా సంగతికేం గాని, ఒక్కటి చెప్పమ్మా. ఆ భాగం ఎవరి కంప్యూటర్‌లో టైప్ చేశారు?"

నీలిమ గొంతులో జాలి పోయింది. "నా దాంట్లోనే మేడమ్. సార్ గదిలో నెట్ సరిగా రాదని..."