ఉడకని జిగురు

గుండెకు పేస్‌మేకర్ అమర్చిన నాటినుంచి ఆమెను రోటర్ల హాలులోకి రానివ్వడం లేదు. బలమైన అయస్కాంతాల దగ్గరికి వెళితే ఆ యంత్రం లయ తప్పుతుందని డాక్టరు రాసిచ్చాడు. మోటారులో గిర్రున తిరిగే ఇనుప రోటర్ల ఒంటికి ఇరవై రెండేళ్ల పాటు అయస్కాంతపు పలకలు అతికించిన మనిషిని తీసుకువెళ్లి, వరండా చివర అట్టపెట్టెల గదిలో కూర్చోబెట్టారు. పెట్టెల మీద చీటీలు అంటించడం ఇప్పుడామె పని. మొదటి వారం ఇద్దరు ముగ్గురు తలుపు దగ్గర నిలబడి పలకరించారు. రెండో వారం ఒకరు వచ్చారు. తర్వాత ఎవరూ రాలేదు. కొన్ని రోజులు సాయంత్రం గేటు దగ్గర కాపలావాడు "వెళ్తున్నారా" అని అడిగేదాకా ఆమె నోరు విప్పే అవసరమే ఉండేది కాదు.

హాలులో ఉన్నప్పుడు ఆమెను కోర్టమ్మ అనేవారు. ఎవరికి అన్యాయం జరిగినా వాదనకు దిగుతుందని అలా పిలిచేవారు. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవారు కూడా లేరు.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె తోడికోడలు వచ్చి ఒక పెట్టె మీద కూలబడింది. ఆమెను ఈ పనిలో పెట్టించినదీ, పని నేర్పినదీ కోర్టమ్మే. నాలుగు రోజుల క్రితం వేగపు పరీక్షలో ఒక రోటర్ నుంచి అయస్కాంతం ఊడి, రక్షణ కవచాన్ని చీల్చుకుని వచ్చి పరీక్ష చేసేవాడి మణికట్టు విరిచింది. ఆ రోటర్ తోడికోడలి బల్ల మీద తయారైనది. అతికించే ముందు ఇనుమును థిన్నరుతో తుడవలేదని, జిడ్డు మీద జిగురు పట్టలేదని ఆమె ఉద్యోగి నంబరుతో సహా నోటీసు బోర్డులో పెట్టారు.

"అక్కా, నాలుగింటికి రమ్మన్నారు. తప్పు నాదేనని సంతకం పెట్టేస్తాను."

"పెడితే?"

"ఊడ్చే పనికి మారుస్తారట. పెట్టకపోతే గేటు బయటికే."

"తుడిచావా, లేదా?"

"తుడిచాను. నా పిల్లల మీద ఒట్టు."

"ఒట్లెవరికి కావాలే? ఎన్నిసార్లు తుడిచావు?"

"రెండుసార్లు. నువ్వు చెప్పినట్టే, రెండోసారి కొత్త గుడ్డతో."

"అలాంటప్పుడు సంతకమెందుకు?"

"నీకేమక్కా, ఒంటిదానివి. ఎన్నైనా చెబుతావు. నా ఇల్లు గడవాలి కదా."

కోర్టమ్మ చేతిలో ఉన్న చీటీని పెట్టె మీద వంకర పోకుండా అంటించి, అంచులు వేలితో నొక్కింది.

"ఆ ఊడిన రోటర్ ఎక్కడుంది?" అని అడిగింది.

"మేనేజరు గారి బల్ల మీద. దండ వేయడమొక్కటే తక్కువ."

నాలుగు గంటలకు తోడికోడలు మేనేజరు గదిలోకి వెళ్లింది. కోర్టమ్మ గుమ్మం బయటే ఆగిపోయింది. లోపల మేనేజరు, సూపర్వైజరు, ఇంజనీరు ఉన్నారు.

"లోపలికి రండమ్మా" అన్నాడు మేనేజరు.

"బల్ల మీద అది ఉండగా రాలేను. ఇక్కడినుంచే మాట్లాడతాను."

"మొదలైంది కోర్టు" అని సూపర్వైజరు గొణిగాడు.

ఆమె అతని వైపు చూడలేదు. "ఇంజనీరు గారూ, పలక ఊడిన చోట ఏముందో చూసి చెప్పండి."

"జిగురుంది."

"ఊడిన పలక వెనకాల?"

ఇంజనీరు దాన్ని తిప్పి చూశాడు. "ఇక్కడా ఉంది. చీలిపోయినట్టుంది."

"ఇనుము జిడ్డుగా ఉంటే జిగురు మొత్తం పలకతో పాటే వచ్చేస్తుంది, ఇనుము నున్నగా మెరుస్తుంది. ఇక్కడ రెండు వైపులా గట్టిగానే పట్టింది. తెగినది నడుమ ఉన్న జిగురే. గోటితో నొక్కి చూడండి."

అతను నొక్కాడు. జిగురు మీద నెలవంకలాంటి గుంట పడింది.

"ఓవెన్‌లో సరిగ్గా ఉడికి గట్టిపడిన జిగురులో గోరు దిగదు" అంది ఆమె.

"జిగురు డబ్బా పాతదేమో! అదీ ఈవిడే చూసుకోవాలి" అన్నాడు సూపర్వైజరు.

"అలాగే అనుకుందాం. అదే రోజు అదే ఓవెన్‌లోకి వెళ్లిన పక్క బల్ల రోటర్ తెప్పించండి. వాళ్ల డబ్బా వేరు."

ఇంజనీరు స్వయంగా వెళ్లి తెచ్చాడు. పలకల అంచున పొంగిన జిగురు మీద గోరు ఆనించాడు. మళ్లీ గుంట పడింది. అతను తలెత్తి, "ఓవెన్‌లో ఎంతసేపుంచారు?" అని అడిగాడు.

సూపర్వైజరు నీళ్లు నమిలాడు. "ఉంచాల్సింది నలభై నిమిషాలే... అంటే, ఆర్డరు తొందరలో ఉంది కదండీ. ఆ వారమంతా పాతికే ఉంచాం."

మేనేజరు ముఖంలో ఆశ్చర్యం లేదు. కోర్టమ్మ ఆ సంగతి గమనించింది.

ఆ వారం ఓవెన్‌కు వెళ్లిన రెండు వందల పన్నెండు రోటర్లనూ వెనక్కి తెప్పించాలని ఇంజనీరు రాసుకున్నాడు. సంతకం కోసం పెట్టిన కాగితాన్ని మేనేజరు మడిచి సొరుగులో వేస్తూ, "సరేనమ్మా, మీ తోడికోడలు బల్లకు వెళ్లవచ్చు. ఇక అయిపోయింది" అన్నాడు.

"అవలేదు. నింద బోర్డు మీద ఉంది."

"తీయించేస్తాం."

"తీయించడం కాదు. నాలుగు రోజులుగా అందరూ చదివారు. అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో, తప్పు ఆమెది కాదని పెట్టండి. సమయం ఎవరు తగ్గించమన్నారో కూడా రాయండి. చెయ్యి విరిగినవాడికి అది తెలియాలి."

"అక్కా, చాల్లే" అంది తోడికోడలు మెల్లగా.

"నీకు చాలు. నాకు చాలదు."

రోటర్లు వెనక్కి తెప్పించాలంటే కారణం ఎలాగూ రాయాల్సిందేనని ఇంజనీరు అన్నాడు. మరునాడు ఉదయం కొత్త నోటీసు వచ్చింది. ఉద్యోగి తప్పు లేదని, ఓవెన్ సమయం మేనేజరు ఆదేశంతోనే తగ్గించామని అందులో ఉంది. కింద మేనేజరు సంతకం విసురుగా గీకినట్టుంది. కోర్టమ్మ దాన్ని ఆసాంతం చదివింది. వెనక్కి వచ్చిన రోటర్లతో అందరికీ రెట్టింపు పని పడింది. పక్కనుంచి వెళ్తున్నవారు ఆమెను చూసి ముఖం తిప్పుకున్నారు. "మేలు చేశావు తల్లీ, ఈ నెలంతా మా నడుములు విరిగినట్టే" అని ఒకడు వినపడేలాగే అన్నాడు.

"పలక ఊడి ఎవరి కంట్లోనో పడేకంటే మీ నడుములు నయం" అని బదులిచ్చి ఆమె తన గదికి నడిచింది.

తోడికోడలు ఆ రోజు రాలేదు. రాదని ఆమెకు తెలుసు. పని తెమలదు. సాయంత్రం దాకా హాలులోంచి కొయ్య సుత్తుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక పలకను కూర్చోబెట్టడానికి తోడికోడలు రెండు దెబ్బలే వేస్తుంది, రెండోది మెత్తగా. అంత గోలలోనూ ఆమెకు అది విడిగా వినబడింది. చీటీలు అంటిస్తూ ఆమె ఆ చప్పుడును లెక్కపెట్టింది. నూట ముప్పై దాటాక లెక్క తప్పింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.