గండిలో కూర్చున్న ఓడ

‘తిమోర్’ను ముంచే పని చివరికి లేన్‌డర్ట్ నెత్తినే పడింది. యుద్ధం మొదలైనప్పటి నుంచి మేస్త్రీగా ఆ ఓడ బాయిలర్లకు తిండి పెట్టినవాడు అతనే.

తూర్పు దీవుల తోటల్లో కూలీల వీపులు విరిచి తీసిన సొమ్ముతో డచ్చి దొరలు కట్టించిన యుద్ధనౌక అది. ఆ సంగతి లేన్‌డర్ట్‌కు తెలుసు. తెలిసే ప్రేమించాడు. జర్మన్లు డచ్చి దేశంలో చొరబడిన రోజున సగం విప్పిన ఇంజన్లతోనే ఇంగ్లండు చేరింది. తర్వాత అట్లాంటిక్‌లో గోధుమల ఓడలకు కాపలా కాసింది. హిందూ మహాసముద్రంలో సిపాయిల ఓడలకు కాపలా కాసింది. జావా సముద్రంలో తోటి ఓడలు జనంతో సహా మునిగిన రోజున మాత్రం రేవులో మరమ్మతులో ఉంది. శత్రు ఓడకు ఒక్క గుండు తగిలించిన పాపాన పోలేదు. "రేవు పెళ్లికూతురు" అని మిగతా నావికులు వెక్కిరించేవారు.

"దీన్ని మా ఫ్లిసింగెన్ రేవులో నా చేత్తో తాడేసి కడతాను. అప్పుడు నవ్వండ్రా," అనేవాడు లేన్‌డర్ట్.

ఇప్పుడు ఫిరంగులు పీకి వేరే ఓడలకు పంచేశారు. నార్మండీ తీరాన సైన్యం దిగుతున్న చోట, అలలకు అడ్డంగా ముంచే పాత ఓడల వరసలోకి దీన్నీ లాక్కొచ్చారు. బల్లల ముందు కూర్చున్నవాళ్లు గీత గీస్తారు. చెమటోడ్చినవాడి గుండె మీదుగా పోతుంది అది.

"ఓడలోకి నీళ్లు వదిలే ఆ వాల్వులు నేను తిప్పను," అన్నాడు లేన్‌డర్ట్.

వంటవాడు ట్యార్డ్ కాఫీ కప్పు అందించాడు. ఓడ ఊగి సగం కాఫీ ట్యార్డ్ బూట్ల మీదే ఒలికింది. "నువ్వు కాకపోతే ఇంగ్లీషోడెవడో తిప్పుతాడు. టీ తాగుతూ తిప్పుతాడు. నీ ఇష్టం అన్నా."

"నోరు ముయ్‌రా ఉత్తరాది ఫ్రీస్‌లండోడా."

కప్పు పట్టుకునే లేన్‌డర్ట్ పక్కకు చూశాడు. అప్పటికే మునిగి కూర్చున్న ఓడల వెనక నీళ్లు నిద్రపోతున్నట్టున్నాయి. వరసలో ఒక్కచోట ఖాళీ. అందులోంచి సముద్రం లోపలికి దూకుతోంది. గాయపడ్డవాళ్లను తెస్తున్న పడవ ఒకటి ఆ నీళ్లలో పక్కకు ఒరిగింది. స్ట్రెచర్‌కు కట్టి ఉన్న మనిషి కట్లతోనే నీళ్లలోకి జారిపోయాడు. మళ్లీ పైకి రాలేదు.

"గండి," అన్నాడు లేన్‌డర్ట్ మెల్లగా.

ఫ్లిసింగెన్ ఉన్న వాళ్ల దీవిలో ఆ మాట వినపడితే పెళ్లిపందిట్లో ఉన్నవాడైనా లేచి పరుగెత్తాల్సిందే. ఒక చలికాలం కరకట్ట తెగినప్పుడు, ఇంటిల్లిపాదికీ కూడు పెట్టే దుంపల పడవను వాళ్ల నాన్న తనే గండిలోకి తోసి గొడ్డలితో అడుగు పగలగొట్టాడు. తాడు పట్టుకుని ఏడుస్తున్న చిన్న లేన్‌డర్ట్‌తో, "ఊరు పోయాక పడవ ఎవడికిరా?" అన్నాడు. అంతే.

కెప్టెన్ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "సిద్ధమేనా మేస్త్రీ?"

"సిద్ధమేనండి. జెండా మాత్రం దించకండి. మా దీవిలో కట్ట మీద కాపలావాడు లాంతరు ఆర్పడు."

"దించను," అన్నాడు కెప్టెన్.

లేన్‌డర్ట్ కప్పు ట్యార్డ్‌కిచ్చి కిందకు దిగి, వాల్వు చక్రాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఇన్నేళ్లూ బయటే ఆపిన సముద్రాన్ని తన చేత్తో లోపలికి పిలిచాడు. మోకాళ్లదాకా నీళ్లు వచ్చాక పైకెక్కాడు. అందరూ లోపలి వైపున్న పడవలోకి దిగారు.

ఓడ ఒరగలేదు. నిండు గర్భిణి పీట మీద కూర్చున్నట్టు నెమ్మదిగా ఇసుక మీద కూర్చుంది. పై అంతస్తులూ జెండా నీళ్లపైనే నిలిచాయి. ఇల్లంత అల ఒకటి వచ్చి అవతలి పక్కన గుద్దుకుంది. ఇనుము మూలిగింది. ఇవతలి పక్క నీళ్లలో చిన్న ముడత కూడా రాలేదు. కెప్టెన్ టోపీ తీశాడు.

గట్టు మీది జర్మన్ ఫిరంగులు ఆ జెండాను చూసి ఓడ బతికే ఉందనుకున్నాయి. పడవల్ని వదిలేసి దాన్నే కొట్టడం మొదలుపెట్టాయి. అది కదలకుండా అన్నీ తిన్నది. దాని వెనక నుంచి గాయపడ్డవాళ్ల పడవలు వరసగా, తిన్నగా సాగిపోయాయి.

"ఫ్లిసింగెన్ సంగతేంటి మరి?" అన్నాడు ట్యార్డ్. ఈసారి గొంతులో వెక్కిరింత లేదు.

లేన్‌డర్ట్ అతని చేతిలోంచి కాఫీ కప్పు తీసుకున్నాడు. దాన్ని పడవ బల్ల మీద పెట్టి, చెయ్యి తీసి చూశాడు. కాఫీ తొణకలేదు.