తాడు విడిచేది లేదు

తాడు తెగిన చప్పుడు మిల్లంతా వినబడింది. తలెత్తి చూసేసరికి చిమ్నీ మీద చక్రం నుంచి తెగిన కొస ఊగుతోంది. పర్శరాములు తాడుకు కట్టిన పీటతో సహా కింద గచ్చు మీద ఉన్నాడు. పక్కనే మనిషెత్తు ఊక కుప్ప. దాని మీద పడ్డా బతికేవాడేమో.

మాది మందమర్రి. మా తండ్రులు బొగ్గు బావుల్లో పర్మినెంటు కార్మికులు. మాకు ఆ నౌకర్లు లేవు. ఎక్కడ బరువు లేపాలన్నా, ఎక్కడ ఎత్తు ఎక్కాలన్నా పోయే కాంట్రాక్టు గ్యాంగు మాది. సుల్తానాబాద్ దగ్గర ఒక బియ్యం మిల్లులో బాయిలర్ చిమ్నీకి రంగు వేసే పనికి మాధవరావు అనే కాంట్రాక్టర్ మమ్మల్ని తెచ్చాడు. గ్యాంగును నడిపే మా ముకద్దం గట్టయ్య. తాళ్లు చూసుకునేది ఎల్లక్క. పర్శరాములు ఆమె సొంత తమ్ముడు.

ఆ తాడు సంగతి రావుకు తెలియనిది కాదు. పొద్దున్నే గట్టయ్య అతని ముఖం ముందర పట్టి చూపించాడు.

"రావు సాబ్, జెనరేటర్ రూముల పడేసిండ్రు గీ తాడును. బ్యాటరీల యాసిడ్ తాగింది. నైలాన్‌కు యాసిడ్ తాకితే ఖతం. జర లోపల చూడుండ్రి."

తాడు పైకి బాగానే ఉంటుంది. రెండు చేతులతో పేటలను విడదీసి లోపల చూడాలి. గట్టయ్య విడదీస్తే పోగులు విరిగి పిండిలా రాలాయి. ఎల్లక్క ఆ పిండిని అరచేతిలో పట్టి రావు ముందు పెట్టింది.

రావు చూడనైనా లేదు. "ఎక్కుతె ఎక్కుండ్రి. లేకుంటె సామాన్లు సదురుకోండ్రి. బోథ్‌కెల్లి వేరే గ్యాంగును పిలిపిస్త."

"ఎక్కం" అన్నాడు గట్టయ్య.

పర్శరాములు మధ్యలోకి వచ్చాడు. "గీ ఒక్క తాడుతోని అందరి పని పోవుడెందుకన్నా? నేనెక్కుత. జల్దీ దిగుత." ఎల్లక్క రెక్క పట్టుకుని గుంజినా ఆగలేదు.

అట్లా ఎక్కినవాడు.

ఆసుపత్రికి తీసుకుపోతే ప్రాణం ఎప్పుడో పోయిందన్నారు. మేం తిరిగొచ్చేలోపే రావు మాట మిల్లంతా పాకింది. పర్శరాములు తాగి ఎక్కాడట. ముడి తప్పు వేసుకున్నాడట. తాడు కొత్తదేనట. మర్నాడు కరీంనగర్ నుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడట.

ఊక షెడ్డు కింద కూర్చున్నాం. చక్రం మీంచి దించిన తాడు మా మధ్యలో చుట్టగా పడి ఉంది.

"పీనుగను తీస్కొని ఊరికి పోదాం" అన్నాడు మా గ్యాంగులోని సన్నీ. "తాడుతోని ఏం జేస్తం? పోలీసోళ్లు రావు మనుషులు. మనం ఈడ పరాయోళ్లం."

"పొయ్యొద్దు" అన్నాడు గట్టయ్య. "మనం పోంగనే గీ తాడు మాయమైతది. రేపు గా ఇన్‌స్పెక్టర్‌కు కొత్త తాడు జూపిస్తరు. పర్శరాములు తాగుబోతయితడు."

"మరి పీనుగను ఆడనే వదిలేద్దామా? నీకు అక్క లేదా, అవ్వ లేదా?" సన్నీ గొంతు పెద్దదైంది. ఒకరిద్దరు సన్నీ వైపే మాట్లాడారు. గట్టయ్య లేచాడు. చెయ్యి చేసుకుంటారేమో అనిపించింది.

అప్పటిదాకా ఎల్లక్క ఏడవలేదు. తాడు చుట్టను ఒడిలోకి లాక్కుంది.

"పీనుగను చూసుకునేటోళ్లు ఊళ్ల శానమంది ఉన్నరు సన్నీ. తాడును చూసుకునేటోళ్లు మనమే ఉన్నం. నువ్వు నా తమ్మునితోని పో. నేను రాను."

సన్నీ ఆమె ముఖంలోకి చూసి, మళ్లీ కూర్చున్నాడు. ఇద్దరిని శవం దగ్గరికి పంపి, మిగతా అందరం ఉండిపోయాం. ధాన్యం ఎండబోసే ఆడవాళ్లు ఆ మాటలన్నీ విన్నారు. వాళ్లలో పెద్దది బాలవ్వ చీపురు పక్కన పెట్టి వచ్చి ఎల్లక్క పక్కన కూర్చుంది.

"మొన్న బెల్టుల చెయ్యి పడి మా పిల్ల వేళ్లు పోతె గూడ నిద్రమబ్బు అన్నరు బిడ్డా. మేం గూడ కూసుంటం."

మధ్యాహ్నం దాటాక స్కూటర్ మీద షరీఫ్ భాయ్ వచ్చాడు. సుల్తానాబాద్ బజారులో తాళ్ల దుకాణం అతనిది. మా వైపు చూడలేక నేల చూస్తూ మాట్లాడాడు.

"రావు మనిషి ఇందాక నా దగ్గర నైలాన్ తాడు కొన్నడు. మట్టిల పొర్లిచ్చి వాడిన దాని లెక్క జెయ్యుమన్నడు. ఎందుకో అప్పుడు సమజ్ కాలే. మనిషి సచ్చిండని తెలిసినంక మా ఇంటామె హఫీజా నన్ను అన్నం తిననియ్యలే. పొయ్యి చెప్పిరా అన్నది."

"అందరి ముందట చెప్తవా భాయ్?" అడిగాడు గట్టయ్య.

షరీఫ్ తలెత్తి మిల్లు వైపు చూశాడు. మిల్లులన్నీ అతని గిరాకీలే. "చెప్త" అన్నాడు.

పొద్దు వాలకముందే పోలీసు జీపు వచ్చింది. వెనక కారులో రావు. ఎస్సై దిగుతూనే లాఠీ చూపించాడు.

"కాంట్రాక్టర్ సామాను దొంగతనం చేసిండ్రని ఫిర్యాదు ఉంది. తాడు ఇటియ్యి."

"ఇస్తం సార్" అన్నాడు గట్టయ్య. "మా కండ్ల ముందట పంచనామ రాసి, సీలు వేసి తీస్కపోండ్రి."

"నాకు నేర్పుతవారా?"

"నేర్పుడు కాదు. అడుగుడు."

షరీఫ్ ముందుకు వచ్చి కొత్త తాడు సంగతి చెప్పాడు. రావు వైపు చూడకుండా మాట పూర్తి చేశాడు. రావు కారు దగ్గర్నుంచే బూతులు తిట్టాడు.

ఎస్సై సైగ చేశాడు. కానిస్టేబుళ్లు తాడు కొస పట్టి లాగారు. ఎల్లక్క విడవలేదు. గట్టయ్య పట్టుకున్నాడు. నేను పట్టుకున్నాను. సన్నీ, బాలవ్వ, ధాన్యం ఆడవాళ్లు, చివరికి బస్తాలు మోసే హమాలీలు కూడా వచ్చి పట్టుకున్నారు. అటు ఖాకీలు, ఇటు మేము. లాఠీలు మా వీపుల మీద పడ్డాయి. ఎవరూ చెయ్యి తియ్యలేదు.

"విడువకుండ్రి!" ఎల్లక్క అరిచింది.

తాడు ఫట్‌మని మధ్యకు తెగింది.

అటు వాళ్లు, ఇటు మేము వెల్లకిలా పడ్డాం. ఒక కానిస్టేబుల్ కూర్చున్నచోటే తన చేతిలోని కొసను చూసుకున్నాడు. వేళ్ల నిండా తెల్లటి పిండి. అతను ఎస్సై వైపు చూశాడు, తర్వాత రావు వైపు చూశాడు.

"చూసిండ్రా!" ఎల్లక్క లేచి నిలబడింది. "మనం గుంజితెనే తెగింది. గిదాని మీద నా తమ్ముణ్ణి ఎక్కిచ్చిండు!"

అప్పుడు ఏడ్చింది ఆమె. మిల్లు జనమంతా రావు కారు చుట్టూ మూగారు. రావు అద్దాలు ఎక్కించుకుని పోయాడు. ఎస్సైకి ఎవరినో ఒకరిని పట్టుకుపోక తప్పలేదు. విధులకు అడ్డం వచ్చారని గట్టయ్యనూ ఎల్లక్కనూ జీపు ఎక్కించాడు. వాళ్ల వైపు ముక్క వాళ్లు తీసుకుపోయారు. మా వైపు ముక్క మా దగ్గరే ఉంది. ఊక షెడ్డులో దాని చుట్టూ కాపలా పడుకున్నాం.

తెల్లారి మిల్లు గేటు ముందు లారీ ఆగింది. బోథ్ నుంచి వచ్చిన గ్యాంగు. ముందు దిగినవాడు మొండయ్య, వాళ్ల ముకద్దం. రావు ఎదురుపోయి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "గీళ్లంత తాగుబోతులు. పట్టిచ్చుకోకు. చిమ్నీ పని నీది."

మేం గేటుకు అడ్డంగా నిలబడ్డాం. మొండయ్య మమ్మల్ని తప్పించుకుని లోపలికి పోయాడు. సన్నీ పళ్లు కొరికాడు.

జెనరేటర్ రూము నుంచి ఇంకో తాడు తెచ్చి అతని ముందు వేశారు. మొండయ్య చుట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. వాసన చూశాడు. పేటలు విడదీశాడు. చేతులు దులుపుకుని మా వైపు తిరిగాడు.

"పోయిన మనిషి పేరేంది?"

"పర్శరాములు."

మొండయ్య తన వాళ్ల దగ్గర కత్తి అడిగి తీసుకున్నాడు. చెడిన తాడును ఇంకెవరూ వాడకుండా ముక్కలు చెయ్యాలన్నది మా పనిలో అందరికీ తెలిసిన నియమం. అతను కోయడం మొదలుపెట్టాడు.

"ఏయ్! అది నా తాడు!" రావు ఉరికొచ్చాడు.

"తాడు నీదే సేటు" అన్నాడు మొండయ్య, తలెత్తకుండా. "ఎక్కేటోళ్లం మేం."

ఆఖరి ముక్క దాకా కోసి లేచాడు. అతని మనుషులు సామాన్ల మూటలు మళ్లీ భుజాలకెత్తుకున్నారు.

"మీ ముకద్దంను, గా అక్కను పెట్టిన ఠాణా ఎటుదిక్కు?" అని అడిగాడు.

"ఇన్‌స్పెక్టర్ వస్తే తాడును ఆడనే జూపిద్దాం" అంటూ సన్నీ ముందు నడిచాడు. రాత్రంతా కాపలా కాసిన తాడు ముక్కను భుజాల మీదికి ఎత్తుకుని మేమంతా వెనక నడిచాం. మా వెనక బోథ్ గ్యాంగు, వాళ్ల వెనక చీపుళ్లు పట్టుకుని ధాన్యం ఆడవాళ్లు. బజారులో షరీఫ్ దుకాణం షట్టర్ దించి మాతో కలిశాడు.