ఎస్.క్యూ.ఎల్. అన్నా సరిపోయేది

చేటలో కాయలు సగానికి వచ్చాయి. ముందురోజు సాయంత్రం నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పి ఉంచడంతో పొట్టు మెత్తబడింది. వేలితో నొక్కగానే విడిపోతున్నాయి. విత్తనానికి పెట్టుకునే శనక్కాయను మేం మిషన్‌కు వేయం. గింజ మీది ఎర్రపొర చిట్లితే అది మొలవదు. అందుకే ఎండాకాలం చివర మా ఇంట్లో అందరి వేళ్లూ మట్టిరంగులో ఉంటాయి. ఆ పొద్దున కూడా నేనూ, నా ఆడబిడ్డ కృపాకుమారీ, మా మామ యేసన్నా పంచలో కూర్చుని వొలుస్తున్నాం.

కృపకు చేతులతోపాటు నోరు కూడా ఆడాలి. కదిరిలో అబ్దుల్ గఫూర్ సారు దగ్గర కంప్యూటర్ కోర్సులో చేరినప్పటినుంచి అదే అలవాటు. సారు పాఠమంతా తెలుగులో చెబుతాడు. ఆ రోజు విన్నది కృప ఇంటికొచ్చి, కాయలు వొలుస్తూనో చింతపండు గింజలు తీస్తూనో మాకు అప్పజెబుతుంది. ఊరికే కూర్చుని చెప్పమంటే రెండు వాక్యాలు దాటదు. చేతిలో పని ఉంటే మాత్రం ఎక్కడా తడబడదు.

"నాయనా, ఈ చేట్లో రైతుల పేర్లుండాయనుకో," అంది ఆ పొద్దున. "ఆ చేట్లో పొలాలుండాయి. ఎవురికి ఏ పొలమో రెండూ కలిపి చూపీమని కంప్యూటర్‌ను ఎస్.క్యూ.ఎల్. అనే భాషలో అడుగుతాం. ఉత్త జాయిన్ అంటే పొలం ఉండే రైతులే వస్తారు. లెఫ్ట్ జాయిన్ అంటే పొలం లేనోళ్లు కూడా వస్తారు. వాళ్ల పేరు పక్కన ఖాళీగా ఉంటాది, అంతే."

మామ గింజను వెలుతురుకు పట్టి చూసి బుట్టలో వేశాడు. "అంటే గుత్తకు చేసుకునే మన మాదిరోళ్లు కూడా లెక్కలోకి వస్తారు."

"వస్తారు."

"అట్లయితే ఆ లెఫ్టుదే పెట్టమను మే గవర్మెంటోళ్లను. పంట పోయినప్పుడు మన పేరు ఎప్పుడూ రాల్యా."

కృప నవ్వింది. నేనూ నవ్వాను. అప్పుడే లోపలినుంచి నా భర్త ఏలియా గొంతు వినిపించింది.

"ఎస్.క్యూ.ఎల్. కాదు. సీక్వెల్ అను."

ఏలియా బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. విత్తనం వేసేదాకా ఇంటినుంచే పని చేసుకుంటానని ల్యాప్‌టాప్ తీసుకుని వచ్చాడు. అది ఒక సాకు. చెల్లెలికి ఎల్లుండి ఆన్‌లైన్‌లో ఇంటర్వ్యూ ఉంది. ఆమెను దగ్గరుండి తయారు చేయాలని వచ్చాడు. ఆ ఉద్యోగం రాకపోతే హిందూపురం వైపు బట్టల ఫ్యాక్టరీకి పనివాళ్లను తీసుకెళ్లే గార్మెంట్స్ బస్సు ఎక్కుతానని కృప మామకు మాటిచ్చి ఉంది. చదువు అయిపోయి ఇంట్లో కూర్చున్న కూతురిని ఇంకా ఎన్నాళ్లు పోషించగలడు ఆయన మాత్రం?

"గఫూర్ సారు ఎస్.క్యూ.ఎల్. అనే చెప్పినాడు న్నా," అంది కృప.

ఏలియా పంచలోకి వచ్చాడు. "గఫూర్ సారు కదిరి దాటి యాడికి పోయినాడు? ఆఫీసుల్లో సీక్వెల్ అంటారు. ఇంకోటి, డాటా అనొద్దు. డేటా."

"నేను చూసే వీడియోలో ఒకాయప్ప సీక్వెల్ అంటాడు, ఇంకొకాయప్ప ఎస్.క్యూ.ఎల్. అంటాడు. ఇద్దరికీ ఉద్యోగాలుండాయి కదా?"

"ఉద్యోగం వచ్చినాక ఎట్లన్నా అనుకోవచ్చు మే," అన్నాడు మామ. "వచ్చేదాకా మీ అన్న చెప్పినట్ల అను."

"నవ్వుతారు కృపా. నీకు తెలీదు. ఒక్క మాట తప్పు పలికితే నీకేమొచ్చో ఇంక ఎవురూ అడగరు," అని ఏలియా ఆమె ముందున్న చేటను పక్కకు జరిపాడు. "చేతులు ఆడించకుండా చెప్పు. ఆడ కెమెరా ముందర కాయలు వొలుస్తావా?"

ఆ రెండు రోజులూ కృప ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని పాఠం చెప్పింది. ఏలియా ప్రతి ఇంగ్లీషు మాట దగ్గరా ఆపాడు. అతను కోప్పడలేదు. ఓపికగా, మెల్లగా, చిన్నపిల్లకు అన్నం కలిపి పెట్టినట్టు ఒక్కో మాటా పలికి చూపించాడు. కృప కూడా మొండికెయ్యలేదు. కానీ మొదటిరోజు సాయంత్రానికే ఆమెలో ఒక కొత్త అలవాటు వచ్చింది. మాట నోటికి రాకముందే ఆగి అన్న మొహం చూసేది. అతను పెదవులతో ఆ మాటను చూపిస్తే, చూసి పలికేది. అతను తలాడిస్తే ముందుకు పోయేది.

"వీని క్లాసు అయ్యేలోపల కాయలు చేట్లోనే మొలుస్తాయి," అని మామ నాతో గొణిగాడు. కృప వంతు కాయలు కూడా మేమిద్దరమే వొలిచాం.

ఇంటర్వ్యూ రోజున ముందుగదిలో గోడకు తెల్లదుప్పటి కట్టాం. కోళ్లను దొడ్లోకి తోలి తడిక వేశాను. మామ వీధిలో అరుగు మీద కూర్చున్నాడు, ఎవరైనా వస్తే పలకరించి అక్కడే ఆపడానికి. ల్యాప్‌టాప్ స్టూలు మీద పెట్టి ఏలియా దానికి ఆ పక్కన, కెమెరాకు కనబడకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వు బయటికి పో న్నా," అంది కృప.

"ఈడే ఉంటాలే. నేను కనపడితే నీకు ధైర్యంగా ఉంటాది."

నేను వంటగది గడప దగ్గర బియ్యం చేట పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద ఒక మేడమ్ కనిపించింది. చెవుల పక్కన నెరిసిన జుట్టు, నిదానమైన గొంతు. ఊరేదని అడిగింది. తనకల్లు దగ్గర అంటే, అక్కడ ఏం పండుతుందని అడిగింది. శనక్కాయ అని కృప చెప్పింది, వాన పడితే అని కూడా చేర్చింది. మేడమ్ నవ్వింది. కృప భుజాలు కాస్త దిగాయి.

"ఎస్.క్యూ.ఎల్. ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగింది మేడమ్. ఆమె అచ్చం గఫూర్ సారు లాగే మూడు అక్షరాలూ విడివిడిగా పలికింది.

కృప చూపు పక్కకు పోయింది. ఏలియా పెదవులు శబ్దం లేకుండా కదిలాయి. సీక్వెల్.

"సీక్వెల్... కదిరిలో నేర్చుకున్నాను మేడమ్."

"సరే. మామూలు జాయిన్‌కూ లెఫ్ట్ జాయిన్‌కూ తేడా ఏమిటో మీ మాటల్లో చెప్పండి."

బియ్యంలో నా చేయి ఆగింది. ఇక ఉద్యోగం వచ్చేసినట్టే అనుకున్నాను. రైతులూ పొలాలూ కథ నాకే నోటికి వచ్చు.

"లెఫ్ట్ జాయిన్ అంటే," అని మొదలుపెట్టింది కృప. ఒళ్లో ఆమె వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. "ఎడమపక్క టేబుల్‌లో ఉండే..." మళ్లీ పక్కకు చూసింది. ఏలియా పెదవులు కదిలాయి. "డేటా అంతా..." మళ్లీ చూసింది. ఒక్కో మాటకూ ఒక్కో చూపు. మేడమ్ తెరకు దగ్గరగా వంగింది.

"అమ్మా, మీ పక్కన ఎవరైనా ఉన్నారా?"

కృప అబద్ధమాడలేదు. "మా అన్న ఉండాడు మేడమ్."

"ఆయన మీకు జవాబులు చెబుతున్నారా?"

"లేదు మేడమ్. పలికేది ఎట్లో చెప్తాండాడు."

ఏలియా లేచి తెర ముందుకు వచ్చాడు. "మేడమ్, జవాబులన్నీ ఆమెవే. నేను మాటలు మాత్రమే సరిచేసినాను. నన్ను బయటికి పొమ్మంటే పోతాను. మళ్లీ మొదటినుంచి అడగండి మేడమ్."

"మాటలు ఎలా పలికినా మాకు ఒకటేనండీ. మా ఆఫీసులో సగంమంది ఒకలా అంటారు, సగంమంది ఇంకోలా అంటారు. కానీ ఆమె కళ్లు పక్కకు పోతూనే ఉన్నాయి. మీరు ఏం చెబుతున్నారో నాకు తెలియదు కదా. గదిలో ఎవరూ ఉండకూడదని ముందే మెయిల్‌లో రాశాం." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదేమో. "ఏమీ అనుకోవద్దమ్మా కృపాకుమారీ," అంది. తెర నల్లబడింది.

కృప లేచి పంచలోకి వెళ్లి చేటను ముందుకు లాక్కుంది.

ఆ మధ్యాహ్నమే ఏలియా ఆ కంపెనీకి మెయిల్ రాశాడు. తప్పు తనదని, చెల్లెలికి ఇంకొక్క అవకాశం ఇవ్వమని రాశాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చట. అది చదివి వినిపించి, ఫోను జేబులో పెట్టుకుని, చెల్లెలి ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. తనూ ఒక కాయ తీసుకున్నాడు. నొక్కేసరికి గింజ రెండు బద్దలైంది.

"బెంగుళూరుకు పోయిన కొత్తలో," అన్నాడు, "మీటింగులో క్యాష్ అనాల్సింది నేను కాచే అన్నా. సి, ఏ, సి, హెచ్, ఈ అని అక్షరాలు అట్లనే ఉండాయి మరి. అందరూ నవ్వినారు. అప్పటినుంచి నా పేరే కాచే అయిపోయింది. టీ తాగేకి పిలిచేదీ అట్లనే, కాచే వస్తావా అని. మీటింగులో నేనింక నోరు తెరవను."

పెళ్లయ్యాక అతని ఆఫీసు కబుర్లు ఎన్నో విన్నాను. ఈ మాట నాకూ అదే మొదటిసారి. మామ తల వంచుకుని పొట్టు ఒకపక్కకు నెడుతున్నాడు.

కృప చేతులు ఆగాయి. "ఈ మాట మొన్న చెప్పుండచ్చు కదా న్నా."

"సిగ్గు."

"నాకు చెప్పేకి సిగ్గా?"

ఏలియా చేతిలోని బద్దలను పక్కన పెట్టాడు. కృప ఇంకో కాయ తీసుకుంది.

ఆ తర్వాత కాయలు వొలిచినన్ని రోజులూ ఆమె నోరు ఆడలేదు. పొట్టు చిట్లే చప్పుడు ఒక్కటే వినబడేది. మామ అది ఓర్చుకోలేకపోయాడు. "ఆ లెఫ్టుది మల్లా చెప్పు మే, మర్చిపోయినా," అన్నాడు ఒకసారి.

"ఉండనీలే నాయనా," అంది కృప.

విత్తనం మూటలు కట్టేశాం. తొలివాన ఒకటి పడి మట్టి వాసన వేసి, మళ్లీ ఎండ కాసింది. సోమవారం పొద్దున నేను కృపకు టిఫిన్ బాక్సులో చిత్రాన్నం పెట్టాను. శనక్కాయ గింజలు ఎక్కువే వేశాను, విత్తనానికి పనికిరాని బద్దలు. ఆమె జడ బిగించి అల్లుకుని, చున్నీకి పిన్ను పెట్టుకుని వచ్చింది. ఏలియా పంచలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. చెల్లెలిని చూసి మూత మూసేశాడు.

"కృపా, ఇంకో కంపెనీ చూస్తాండా. ఈసారి నేను ఇంట్లోనే ఉండను, గుట్ట పక్కకు పోతా. నువ్వు కాయలు ముందర పెట్టుకోనే చెప్పు. ఎస్.క్యూ.ఎల్. అనే అను. డాటా అను. నీకెట్ల వస్తే అట్ల."

కృప గడప దగ్గర వంగింది. చీపురుకు చిక్కకుండా మూలలో ఒక గింజ ఉండిపోయింది. దాన్ని తీసి, పొర చూసి, మామ చేతిలో పెట్టింది. చెరువుకట్ట మలుపులో గార్మెంట్స్ బస్సు హారన్ వినిపించింది. ఏలియా ఆమె పెదవులనే చూస్తున్నాడు. అవి కదల్లేదు. బాక్సు సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.